‘ప్రేలాపన’, ‘పలవరింత’ రెండూ ఒకటేనా? జ్వరంలో ఉన్న మనిషి గురించి ఏది రాయాలి?

అరకొర అనువాదం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. చిన్న ప్రశ్నే, కానీ దీనివల్ల నిన్న ఒకాయన చేత మాట పడాల్సి వచ్చింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ఆసుపత్రి కాగితాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చడం నా పని. డిశ్చార్జి సమ్మరీలు, మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పే కాగితాలు, ఇలాంటివి. మొన్న ఒక పెద్దాయన సమ్మరీ వచ్చింది. బాగా జ్వరంతో చేరారు, రెండో రోజు రాత్రి నుంచి మాటలు తేడాగా ఉన్నాయి, నాలుగో రోజుకి తేరుకున్నారు. ఇంగ్లీషులో ‘ఇన్‌కోహరెంట్ స్పీచ్’ అని ఉంది. నేను నిఘంటువు తీసి, కంటికి ఆనిన మొదటి మాట పట్టుకుని “రోగి అసంబద్ధ ప్రేలాపన చేశారు” అని రాసి పంపేశాను. నిజం చెప్పాలంటే మంచి బరువైన తెలుగు రాశానని లోపల కొంచెం మురిసిపోయాను కూడా.

నిన్న వాళ్ళబ్బాయి ఫోన్. “ఏమండీ, మా నాన్న జీవితమంతా పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. ఒళ్ళు తెలియని జ్వరంలో నాలుగు మాటలు అటూ ఇటూ అయితే ప్రేలాపన అని రాస్తారా? ప్రేలాపనలు పేలేది టీవీ చర్చల్లో కూర్చునేవాళ్ళు కదండీ!” నేను “అది వైద్య పదమండీ” అంటూ ఏదో నసిగాను. ఆయన అరవలేదు, గొడవ పెట్టుకోలేదు. “ఈ కాగితం ఆయనకి చూపించలేకపోయాను, దిండు కింద దాచాను” అని పెట్టేశారు. అరిచినా బాగుండేది.

అప్పటి నుంచి తల తిరుగుతోంది. ప్రేలాపన అనేది అసలు తిట్టా, రోగ లక్షణమా? ‘సంధి ప్రేలాపన’ అంటారు కదా, అందులో సంధి ఏమిటి? (నవ్వకండి, చిన్నప్పుడు నేను సవర్ణదీర్ఘ సంధి, గుణసంధి బట్టీ పట్టేవాళ్ళు నిద్రలో అప్పజెప్పేది అనుకునేవాణ్ణి.) పలవరింత, కలవరింత ఒకటేనా? ఆ సమ్మరీలో ఇప్పుడు ఏం రాసి పంపాలి?

---

గోడమీదపిల్లి:

సంధుల గురించి మీరొక్కరే కాదు అన్నా, నేను డిగ్రీ దాకా అదే అనుకున్నా. మా క్లాసులో ఒకడు ఉత్వసంధికి ఉదాహరణ అడిగితే చెప్పిన జవాబు వింటే అది నిజంగానే సంధి ప్రేలాపన.

పనికొచ్చే ముక్క ఒకటి చెప్తా. ‘ఏదేదో మాట్లాడుతున్నారు’ అని రాసేయండి. ఇళ్ళలో అందరూ అనేది అదే.

---

చెదలు పట్టిన పుస్తకం:

అయ్యా, మీరు తప్పు మాట రాయలేదు, తప్పు కాలంలో రాశారు. మూలం నుంచి చెబుతాను, అప్పుడు ఆ అబ్బాయికి ఎందుకు కోపం వచ్చిందో అదే తెలుస్తుంది.

సంస్కృతంలో ‘లప్’ అంటే మాట్లాడటం. ముందు ఉపసర్గ మారితే చాలు, మనిషి ఎలా మాట్లాడుతున్నాడో మారిపోతుంది. అమరకోశం ఈ మాటలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టింది: పలకరించి మాట్లాడటం (ఆభాషణం) ఆలాపం, పదే పదే అనడం అనులాపం, ఏడుస్తూ చెప్పుకోవడం విలాపం, ఎదురు మాట్లాడటం విప్రలాపం, ఇద్దరు కలిసి మాట్లాడుకోవడం సంలాపం, ఉన్నదాన్ని లేదని బుకాయించడం అపలాపం. వాటి మధ్యలో మీ మాట: “ప్రలాపోఽనర్థకం వచః”. అర్థం లేని మాట ప్రలాపం, అంతే. పిచ్చివాడని గానీ పొగరుబోతని గానీ అందులో లేదు. ఇంకా మాట్లాడితే భగవద్గీత ఐదో అధ్యాయంలో “ప్రలపన్ విసృజన్ గృహ్ణన్” అని వస్తుంది, అక్కడ ప్రలపన్ అంటే ఉత్త ‘మాట్లాడుతూ’ అనే. నింద కాదు కదా, అర్థం లేకపోవడం కూడా లేదక్కడ.

మరి ‘ప్రేలాపన’? ఇది సంస్కృతం వేషం వేసుకున్న మన మాట. సంస్కృతంలో ప్రలాపం ఉంది, ప్రలాపనం ఉంది, ‘ప్రే’ లేదు. తెలుగులో ‘ప్రేలు’ అనే క్రియ ఉంది. క్రొత్త కొత్త అయినట్టు, ప్రొద్దు పొద్దు అయినట్టు అది ఇప్పుడు ‘పేలు’ అయింది. తుపాకీ పేలుతుంది, బాంబు పేలుతుంది, వేడి పెనం మీద గింజలు పేలి పేలాలవుతాయి, నోరు కూడా పేలుతుంది. “ఏం పేలుతున్నావురా?” అంటే ఆ కొట్టేది తెలుస్తూనే ఉంది. ప్రలాపానికి ఈ పేలుడు అంటుకుని ప్రేలాపన అయింది. పొడుగు చూసి పండితుల మాట అనుకుంటాం గానీ దాని కడుపులో మందుగుండు ఉంది. వాళ్ళబ్బాయికి వినిపించింది ఆ చప్పుడే.

ఇంకోటి, మీరు ‘అసంబద్ధ’ అని రాయడం మటుకు సరిగ్గా ఉంది. చాలామంది దానికి బదులు ‘అసందర్భ’ అని వాడుతున్నారు. అసంబద్ధం అంటే మాటకీ మాటకీ ముడి లేకపోవడం. అసందర్భం అంటే ముడులన్నీ బాగానే ఉండి, అనాల్సిన చోటు కాకపోవడం. శవం దగ్గర కూర్చుని స్కోరెంత అని అడిగేవాడి వాక్యంలో వ్యాకరణ దోషం ఏమీ ఉండదు.

---

నైట్‌డ్యూటీ:

ఇరవై ఏళ్ళుగా నర్సుగా చేస్తున్నాను, ఎక్కువగా రాత్రి పూటే. పదాల మూలాలు నాకు తెలియవు. మంచం పక్కన ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను.

పగలంతా బాగానే ఉంటారు. కాఫీ అడుగుతారు, పేపరు అడుగుతారు. చీకటి పడ్డాక మొదలవుతుంది. దుప్పటి అంచు పట్టుకుని పీకుతుంటారు, గాల్లో లేని దారాలు ఏరుతుంటారు. నన్ను చూసి వాళ్ళ చెల్లెలి పేరు పెట్టి పిలుస్తారు. ఒక పెద్దాయన అయితే అర్ధరాత్రి లేచి “గొడ్లని విప్పావా, ఇంకా కట్టేసే ఉన్నాయా” అని అడిగాడు. విప్పానండీ అన్నాను. “మరి దూడ?” అన్నాడు. దూడని కూడా విప్పానన్నాను, పడుకున్నాడు. పొద్దున్నే అడిగితే ఏమీ గుర్తు లేదు, “నేనా, గొడ్లా, మాకు గొడ్లెక్కడివమ్మా, ఎప్పుడో అమ్మేశాం” అని నవ్వాడు. చూడండి, ఆయన అన్న ఏ ఒక్క వాక్యానికీ అర్థం లేకపోలేదు. మనిషి ఉన్న చోటు, ఉన్న కాలం జారిపోయాయి, అంతే. దీన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. మేం మాలో మేం ‘కన్ఫ్యూజ్డ్‌గా ఉన్నారు’ అనుకుంటాం. ఇంటివాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు: “మాట తేడాగా ఉంది సిస్టర్”, “సోయిలో లేడు”, “మనిషి మనిషిలా లేడు”, “పలవరిస్తున్నాడు”. ఇన్నేళ్ళలో కన్నతండ్రిని చూపించి “ప్రేలాపన చేస్తున్నాడు” అన్నవాళ్ళని ఒక్కరిని కూడా చూడలేదు. మీ ప్రశ్నకి నా జవాబు అదే.

చదివేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటారు కాబట్టి ఒక్క మాట. జ్వరంలో పలవరించడం వేరు, బాగున్న మనిషికి ఉన్నట్టుండి మాట ముద్దగా రావడమో, మాట కలిసిరాకపోవడమో వేరు. మూతి ఒక పక్కకి లాగినా, ఒక చెయ్యి లేపలేకపోయినా “కాస్త పడుకుంటే తగ్గుతుంది” అని కూర్చోకండి. పక్షవాతం కావచ్చు. మెదడులో రక్తం గడ్డ కట్టిన రకమైతే దాన్ని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా మొదటి 4.5 గంటల్లోపే ఇవ్వాలి, అందుకని చివరిసారి మామూలుగా మాట్లాడింది ఎన్నింటికో గుర్తు పెట్టుకుని తీసుకురండి. షుగర్ మందులు వాడేవాళ్ళు తిక్కతిక్కగా మాట్లాడితే ముందు షుగర్ పడిపోయిందేమో చూడండి. ముసలివాళ్ళకి ఒంట్లో సోడియం తగ్గినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా చాలాసార్లు మొట్టమొదట బయటపడేది మాటలోనే. “వయసైపోయింది, చాదస్తం” అనేసి వదిలేస్తారు, అక్కడే పాడవుతుంది.

---

ముక్కుసూటి:

నేను వార్తా పత్రిక డెస్కులో పని చేశాను. ప్రేలాపన ఎలా తిట్టయిందో రోజూ చూసినవాణ్ణి, అందులో నా పాపం కూడా కొంత ఉంది.

ఒక పార్టీ నుంచి ప్రెస్ నోట్ వస్తుంది: ‘ఫలానా నేత పిచ్చి ప్రేలాపనలు మానుకోవాలి’. సాయంత్రానికి రెండో పార్టీ నుంచి నోట్: ‘సంధి ప్రేలాపనలను ప్రజలు నమ్మరు’. మేం కాలమ్ కొలతకి ఏది సరిపోతే అది హెడ్డింగ్ పెట్టేవాళ్ళం. చిన్న కాలమ్ అయితే ‘ప్రేలాపనలు’, పెద్ద కాలమ్ అయితే ‘అవాకులు చవాకులు పేలితే ఊరుకోం’. మళ్ళీ పేలడమే! ఎవరికీ జ్వరం లేదు, ఎవరి మాటా అర్థం కాకుండా లేదు. అర్థమైంది కాబట్టే కదా కోపం.

ఒకటి గమనించండి. తిట్టుగా వాడినప్పుడు ఎప్పుడూ బహువచనమే: ప్రేలాపనలు, కారుకూతలు, అవాకులు చవాకులు, ప్రగల్భాలు. రోగం ఒకటే ఉంటుంది, తిట్లు గుంపుగా వస్తాయి.

నాకు తోచిన పరీక్ష ఇంకోటి ఉంది. ఆ మాట పక్కన ‘ఆపు’ అని పెట్టి చూడండి. “వాగుడు ఆపు” కుదురుతుంది. “ప్రేలాపనలు ఆపు” కుదురుతుంది. “సోది ఆపు” భేషుగ్గా కుదురుతుంది. “పలవరింత ఆపు” అని ఎవరైనా ఎవరినైనా అంటారా? నిద్రలో మాట్లాడేవాణ్ణి తట్టి లేపుతాం, మానుకోమని హెచ్చరించం. ఆపమని చెప్పగలిగితే తప్పు ఆ మనిషిదని మనం ముందే తీర్మానించేసినట్టు. మీ సమ్మరీలో పడిన మాట ఆపమనదగ్గ రకం, పడాల్సింది ఆ రకం కాదు. నాకు కనిపించిన తేడా ఇదొక్కటే, మిగతాదంతా నిఘంటువుల గొడవ.

---

గోడమీదపిల్లి:

మా ఆవిడ నిద్రలో కలవరిస్తే నేను “ఆపవే” అనే అంటాను. ఆమె ఆపదు. కాబట్టి మీ పరీక్ష పాసు.

---

తులసికోట:

ఆయుర్వేదం చదువుతున్నాను. సంధి సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తాను.

అది వ్యాకరణం సంధి కాదు, రాజులు చేసుకునే సంధీ కాదు. సన్నిపాతం అనే జబ్బు మాట. సన్నిపాతం అంటే కలిసి పడటం. వాత పిత్త కఫాలు ఒక్కోటిగా చెడితే ఒక్కో జ్వరం, మూడూ ఒకేసారి కలిసి చెడితే సన్నిపాత జ్వరం. అది పాతకాలం వైద్యుడు చెయ్యి పట్టుకుని చూసి పెదవి విరిచే స్థితి. జనం నోట్లో పడి సన్నిపాతం కాస్తా సన్ని అయింది, సంధి అయింది. మా అమ్మమ్మ ‘బాలింత సన్ని’ అనేది, గొంతు తగ్గించి అనేది. “నీకేమైనా సంధి పుట్టిందా, అలా మాట్లాడుతున్నావ్” అని తిట్టినా అందులోది ఈ సంధే.

మా పుస్తకాల్లో సన్నిపాత జ్వరాలకి 13 పేర్లు ఇస్తారు. సంధికం, అంతకం, రుగ్దాహం, చిత్తవిభ్రమం, శీతాంగం, తంద్రికం, కంఠకుబ్జం, కర్ణకం, భుగ్ననేత్రం, రక్తష్ఠీవి, ప్రలాపకం, జిహ్వకం, అభిన్యాసం. పరీక్షకి బట్టీ పట్టాను, ఇప్పుడు ఇలా పనికొచ్చింది. చూశారా, అందులో సంధికమూ ఉంది, ప్రలాపకమూ ఉంది! ఈ రెండూ కలిసి సంధి ప్రేలాపన అయిందని మా సీనియర్ ఒకాయన వాదిస్తాడు, వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ సంధికంలో ముఖ్యమైన బాధ కీళ్ళ నొప్పులు, మాట తప్పడం కాదు. అందుకని నా ఓటు సన్నికే.

అంటే సంధి ప్రేలాపన అన్నది ఒకప్పుడు అచ్చంగా నైట్‌డ్యూటీ అక్క చెప్పిన స్థితికి పేరు. మంచం మీద మనిషి అలా మాట్లాడుతుంటే ఇంటిల్లిపాదికీ గుండె జారేది. ఆ మాటని తీసుకెళ్ళి మైకు ముందు పడేశారు.

---

చెదలు పట్టిన పుస్తకం:

తులసికోట గారూ, భేష్. సంధి దగ్గర నేను కావాలనే ఆగాను, వైద్యం నాది కాదు. సంధికం సంగతి నాకు కొత్త.

---

రెండు భాషల మధ్య:

హిందీ వాళ్ళ మధ్య పని చేస్తాను కాబట్టి ఒక ప్రమాదం గురించి హెచ్చరిస్తా. హిందీలో ‘అనర్గల్ ప్రలాప్’ అంటే అడ్డూ ఆపూ లేని చెత్త వాగుడు. నేను కొత్తలో మా మేనేజరు ప్రెజెంటేషన్ అయ్యాక, మెచ్చుకుందామని హిందీలో “మీరు అనర్గళంగా మాట్లాడారు సార్” అన్నాను. రూములో నిశ్శబ్దం. తెలుగులో అది ఎంత గొప్ప మెచ్చుకోలో వాళ్ళకి విడమరిచి చెప్పేసరికి నా మాటే ప్రలాపం అయింది.

ఎలా వచ్చిందంటే అర్గళం అంటే తలుపు గడియ. గడియ లేని తలుపు అనర్గళం. తెలుగువాడు ఆ తలుపులోంచి మాటలు ధారగా వస్తున్నాయని సంతోషించాడు, హిందీవాడు గడియ వేసేవాడే లేడా అని విసుక్కున్నాడు. తలుపు అదే.

కన్నడంలో నిద్రలో మాట్లాడటాన్ని ‘కనవరికె’ అంటారు, మన కలవరింతకి ఎంత దగ్గరగా ఉందో చూడండి. మన కల, వాళ్ళ కనసు.

---

వెన్నెల్లో గొడుగు:

అయితే కలవరింత నిద్రకి, పలవరింత జ్వరానికి, అంతేనా? మా ఇంట్లో అలాగే వాడతాం. తమ్ముడు నిద్రలో “సార్ నేను కాదు సార్” అంటే కలవరిస్తున్నాడు. నాన్నకి జ్వరం వచ్చి వరసలు కలిపేస్తుంటే పలవరిస్తున్నాడు.

ఇంకా పలవరింతకి ప్రేమ అర్థం కూడా ఉంది, మీరెవరూ పట్టించుకోలేదు! “ఆ అమ్మాయి పేరే పలవరిస్తున్నాడు” అంటాం కదా. అలంకార శాస్త్రంలో మన్మథావస్థలు పది అని క్లాసులో చెప్పారు: అభిలాష, చింత, స్మృతి, గుణకథనం, ఉద్వేగం, ప్రలాపం, ఉన్మాదం, వ్యాధి, జడత, మరణం. ఆరోది ప్రలాపం. ప్రియుడు చెట్టుతోనో మబ్బుతోనో మాట్లాడితే అది కావ్యం, అదే మాట అసెంబ్లీలో అంటే తిట్టు, ఆసుపత్రిలో అంటే ఫోన్లో కొడుకు.

---

చెదలు పట్టిన పుస్తకం:

అమ్మా, మీ ఇంటి విభజన బాగుంది గానీ అందరూ అలా పాటించరు. నిద్రలో మాట్లాడటానికి పలవరింత అనేవాళ్ళూ ఉన్నారు, నిఘంటువులు కూడా ఈ రెంటినీ పక్కపక్కనే కూర్చోబెడతాయి. కలవరంలో మాత్రం నిద్ర లేదు, గాబరా ఉంది. “ఆ వార్త విని కలవరపడ్డాను” అంటే మీరు మెలకువగానే ఉన్నారు.

---

వెన్నెల్లో గొడుగు:

సరే గురువుగారూ. మా ఇంట్లో మాత్రం మార్చం.

---

మళ్ళీ చెప్పండి:

ఆలస్యంగా వచ్చాను. స్పీచ్ థెరపీ చేస్తాను. ఇంకో రకం మనుషులున్నారు, వాళ్ళని ఇక్కడ ఏ పెట్టెలోనూ వేయలేదు.

మెదడుకి దెబ్బ తగిలాకో పక్షవాతం తర్వాతో కొందరికి మాట ఆగదు. చక్కగా, వేగంగా, రాగంతో సహా వస్తుంది. దూరం నుంచి వింటే మామూలు సంభాషణే. దగ్గరకెళ్ళి వింటే ఒక్క ముక్క అతకదు, కొన్ని అసలు మాటలే కావు, అప్పటికప్పుడు పుట్టినవి. ఒకామె నాకు గ్లాసు చూపించి ఎంతో శాంతంగా, నవ్వుతూ, గుక్క తిప్పుకోకుండా ఏదో చెప్పింది. చివర్లో “అవునా కాదా?” అన్నట్టు చూసింది. ఆ చూపు ఒక్కటే నాకు అర్థమైంది. తను అంటున్నది మాట కాదని ఆమెకి తెలియదు, మనకే ఎందుకో అర్థం కావట్లేదనుకుంటోంది. జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె 1874లో దీన్ని వివరించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. దీనికి అటు చివర పాల్ బ్రోకా 1861లో చూపించిన రోగి ఉన్నాడు, అతనికి చాలావరకు అర్థమవుతుంది కానీ నోట్లోంచి వచ్చేది ‘టాన్’ ఒక్కటే. ఈ రెండు రకాల్లో దెబ్బతినే చోట్లూ దాదాపు అందరిలో మెదడు ఎడమ పక్కనే ఉంటాయి.

వెర్నికె రకాన్ని ఇంటివాళ్ళు పిచ్చి అనుకుంటారు. పిచ్చి కాదు, మతి పోలేదు, జ్వరమూ లేదు. నేను వాళ్ళకి “మాటల డబ్బా ఒలికి కలగాపులగం అయింది” అని చెప్తాను. మానసిక జబ్బుల్లో మాట చెల్లాచెదురైతే ఇంగ్లీషు వాళ్ళు కూరగాయ ముక్కల గిన్నెతో పోలుస్తారు, మనకి కలగూరగంప ఎప్పటి నుంచో ఉండనే ఉంది. అయినా పెద్దవాళ్ళ కాగితంలో అది కూడా రాయకండి, బాగోదు.

అనువాదకుడు గారికి నా సలహా ఒకటే. మనిషిని కర్త చేయకండి, మాటని కర్త చేయండి. “ఆయన ప్రేలాపన చేశారు” అంటే ఆయన ఒక పని చేసినట్టు. “మాటలు పొంతన లేకుండా వచ్చాయి” అంటే ఆయనకి ఒకటి జరిగినట్టు. జ్వరం వచ్చింది, తుమ్ము వచ్చింది, ఏడుపు వచ్చింది అంటాం కదా, ఆ వరసలోనే మాటలు వచ్చాయి. మన భాషలో ఆ వెసులుబాటు ఉండగా క్రియ తీసుకెళ్ళి రోగి మెడకి కట్టడం ఎందుకు?

---

ముక్కుసూటి:

ఇది బాగుంది. నా ‘ఆపు’ పరీక్ష కన్నా బాగుంది. డెస్కులో ఉండగా ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది, అయినా కాలమ్‌లో పట్టేది కాదనుకోండి.

---

గోడమీదపిల్లి:

పొంతన అంటే జాతకాలు కలిసేదే కదా? పెద్దాయన మాటలకి జాతకం కుదరలేదని అర్థం వస్తుందేమో చూసుకోండి.

---

చెదలు పట్టిన పుస్తకం:

రాదు. పొంతన అంటే పొసగడం, కుదరడం. జాతకాల వాళ్ళు దాన్ని తర్వాత అద్దెకి తీసుకున్నారు.

---

అరకొర అనువాదం:

అందరికీ దండాలు. రెండు రోజులు మాయమైనందుకు ఏమీ అనుకోకండి, వేరే కాగితాల్లో పడిపోయాను.

‘పలవరించారు’ అని రాద్దామని దాదాపు తేల్చుకున్నాను, కానీ ఆ కాగితం రేపు ఇంకో డాక్టరు కూడా చూస్తాడు, పలవరింత అంటే నిద్రలో మాట్లాడారేమో అనుకుంటే కష్టం. నైట్‌డ్యూటీ అక్క చెప్పింది, స్పీచ్ థెరపీ వారు చెప్పింది కలిపి చివరికి ఇలా రాశాను: “జ్వరం తీవ్రంగా ఉన్న రెండు రాత్రులు ఆయన మాటలు పొంతన లేకుండా వచ్చాయి. ఎక్కడ ఉన్నదీ, ఎదురుగా ఎవరున్నదీ గుర్తుపట్టలేదు. జ్వరం తగ్గాక మామూలుగా మాట్లాడుతున్నారు.” ఇంగ్లీషులో రెండు ముక్కలకి నా తెలుగు మూడు వాక్యాలైంది. పేజీకి లెక్క కట్టి డబ్బులిస్తారు కాబట్టి నాకేం నష్టం లేదు.

కొత్త కాగితం పంపి, వాళ్ళబ్బాయికి ఫోన్ చేసి సారీ చెప్పాను. ఈసారి కాస్త మెత్తగానే మాట్లాడారు. సాయంత్రం ఆయనే మళ్ళీ ఫోన్ చేశారు. నాన్నగారికి చూపించారట. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, పెన్ను తీసుకుని ఒక దిద్దుబాటు చేశారట. నేను భయపడుతూ ఏం దిద్దారండీ అన్నాను.

“‘వచ్చాయి’ పక్కన ‘ట’ చేర్చారండీ. నాకేం గుర్తుంది, మీరందరూ చెబితే విన్నదే కదా, ‘వచ్చాయట’ అని ఉండాలి అన్నారు.”